అస్తేయ వ్రతము – సరుకు పుట్టుక

అస్తేయాణువ్రతమునకు ఐదు అతిచారములు కలవని తత్త్వార్థసూత్రము చెప్పుచున్నది. చోరుని ప్రేరేపించుట స్తేనప్రయోగము. చోరుడు తెచ్చిన సొత్తు పుచ్చుకొనుట తదాహృతాదానము. రాజశాసనమును మీరి వర్తకము చేయుట విరుద్ధరాజ్యాతిక్రమము. కొనునపుడొక రాయి, అమ్మునపుడొక రాయి వాడుట హీనాధికమానోన్మానము. మేలు సరుకులో నాసి సరుకు కలిపి మేలు సరుకుగా అమ్ముట ప్రతిరూపకవ్యవహారము. చాతుర్మాస్యమున ఉపాశ్రయములోనో స్థానకములోనో కూర్చుండి ప్రవచనము వినుచున్న వర్తకునకు నాల్గవది చెప్పగనే తన త్రాసు జ్ఞప్తికి వచ్చును. ఐదవది చెప్పగనే తన గోదాము జ్ఞప్తికి వచ్చును. మూడవది చెప్పగనే పన్నుల కాగితములు జ్ఞప్తికి వచ్చును. మొదటిది తనకు తగులదని నిశ్చింతగా నుండును. రెండవది మాత్రము చెవిని సోకి జారిపోవును. తనకు సరుకు ఇచ్చువాడు దొంగ కాడు గదా! వాడు పెద్ద కంపెనీవాడు, కాకున్న దాని ఏజెంటు. సరుకు పట్టపగలు లారీలో, బీజకముతో, పన్ను కట్టిన రశీదుతో దిగుచున్నది. ఇందులో తదాహృతాదానమునకు చోటెక్కడిది?

తాకట్టు వ్యాపారము చేయు కుటుంబములకు మాత్రము ఈ అతిచారము పుస్తకములోని మాట కాదు. దీపము పెట్టు వేళ పోలీసు జవానొకడు, వాని వెంట తలవంచుకొన్న కుర్రవాడొకడు, వారి వెనుక నగ పోగొట్టుకొన్న యిల్లాలు కొట్టు మెట్లెక్కి వచ్చుట ఆ కుటుంబముల పెద్దలు చూచినదే. 1860 నాటి శిక్షాస్మృతిలోని 411వ సెక్షను, 2024 జూలై నుండి దాని స్థానమున వచ్చిన భారతీయ న్యాయ సంహితలోని 317వ సెక్షను, దొంగసొత్తని ఎరిగి దుర్బుద్ధితో పుచ్చుకొన్నవానిని మాత్రమే కాక, దొంగసొత్తని నమ్ముటకు తగిన కారణముండియు పుచ్చుకొన్నవానిని కూడ శిక్షించును. అందుచేత తాకట్టు పుస్తకములో పేరు, ఊరు, తండ్రి పేరు వ్రాసికొని సంతకమో వ్రేలిముద్రయో తీసికొనుట ఆచారమైనది. అయితే ముసలి సేఠులకు పుస్తకము కంటె పాతదగు అలవాటొకటి ఉండెడిది. నగ తెచ్చినవాని ముఖము చూచి, "ఇది మీ యింటి నగయేనా, అమ్మకు తెలిసియే తెచ్చితివా?" అని అడిగెడివారు. పుస్తకములో వ్రాసికొనుట పోలీసులకు చూపుటకు. ముఖము చూచి అడుగుట తాను తెలిసికొనుటకు. ఈ రెండును ఒకటి కావు. చాల కాలము ఈ తేడా తాకట్టు కొట్టునకే పరిమితమై యుండెను. నేడది ప్రతి కొట్టునకును వచ్చినది.

విదేశములకు పాత్రలో, బట్టలో, తోలుసామానులో పంపు కంపెనీకి సరుకు సరఫరా చేయు చిన్న వర్తకునకు ఒకనాడు కంప్యూటరులో ఒక ప్రశ్నాపత్రము వచ్చును. ఈ సరుకు ఎవరివద్ద కొంటిరి? వారెవరివద్ద కొనిరి? ముడిసరుకు ఏ గనిది, ఏ తోటది? బాలురచేత పని చేయించుచున్నారా? వ్యర్థములు ఎచ్చట పారబోయుచున్నారు? కరెంటు ఎంత ఖర్చగుచున్నది? ప్రతి సమాధానమునకును ఋజువు పత్రము జతపరుపవలెను. వచ్చిన సమాధానములను, పత్రములను బట్టి సరఫరాదారునకు మార్కులు పడును. 2007లో ఫ్రాన్సు దేశమున మొదలైన ఎకోవాడిస్ అను సంస్థ ఇట్లే మార్కులు వేసి, మేలైనవారికి పతకములు కూడ ఇచ్చుచున్నది. వేరొక తరహా సాఫ్ట్‌వేరు సరుకు మూటకో, పెట్టెకో, లోహపు దిమ్మకో ఒక గుర్తుసంఖ్య నిచ్చి, అది చేయి మారినపుడెల్ల ఎవరి నుండి ఎవరికి, ఏ తేదిన, ఎంత తూకము అని వ్రాసికొనుచు పోవును. పాత వర్తకుల మాటలో చెప్పవలెనన్న, పది ఊళ్ళలోని పది కొట్ల చిట్టాలు ఒకే ఆవర్జాలోనికి ఎక్కినట్లు.

ఇది ఎవరి సరదా కొరకును పుట్టినది కాదు. జర్మనీ దేశపు సరఫరా గొలుసు చట్టము 2023 జనవరి 1 నుండి అమలునకు వచ్చెను. పెద్ద కంపెనీలు తమ సరఫరాదారుల యొద్ద జరుగు అన్యాయములకు కూడ జాగ్రత్త వహింపవలెనని ఐరోపా సమాజము 2024లో ఒక శాసనము చేసి, 2025లో దాని గడువును వెనుకకు జరిపినది. ఈ దేశమున సెబీ, పెద్దవగు 1000 లిస్టెడు కంపెనీలు వ్యాపార బాధ్యతను గూర్చి, సుస్థిరతను గూర్చి ఏటేట నివేదిక ఇచ్చుటను 2022–23 నుండి తప్పనిసరి చేసెను. చట్టము పెద్ద కంపెనీని అడుగును, పెద్ద కంపెనీ చిన్న కంపెనీని అడుగును, చిన్న కంపెనీ కొట్టువానిని అడుగును. అడిగినవాడు ధర పెంచడు. కాగితముల ఖర్చు మాత్రము క్రిందివానిపై పడును. ఇదియొక అన్యాయమే, కాని అది వేరు విషయము.

ఆ ప్రశ్నాపత్రము వచ్చినపుడు కొట్టులో సాధారణముగా జరుగునది అందరికిని తెలియును. పెద్దాయన కండ్లద్దములు సవరించుకొని నాలుగు ప్రశ్నలు చదివి, "ఇది పిల్లవాడు చూచుకొనును" అని పక్కకు నెట్టును. పిల్లవాడు ఆడిటరు గుమాస్తాకు పంపును. గుమాస్తా క్రిందటేడు ఇంకొక కొట్టునకు నింపిన పత్రము తీసి, పేరు మార్చి, 'అవును' అనవలసినచోట అవును, 'కాదు' అనవలసినచోట కాదు అని గుర్తులు పెట్టి పంపివేయును. వారములోపల పచ్చరంగు గుర్తు వచ్చును. ఎవరును ఎవరిని ఏమియు అడుగకయే అందరును అడిగినట్లు రికార్డు అయినది. ఇందులో సత్యాణువ్రతమునకు కలిగిన భంగము స్పష్టమే. అస్తేయమునకు కలిగిన భంగము అంత స్పష్టము కాదు. దానిని చూచుటకు ఒక సత్తుగిన్నెను తీసికొని వెనుకకు నడచిన చాలును.

పాత్రల కొట్టులో త్రాటికి వ్రేలాడు సత్తుగిన్నె, అనగా అల్యూమినియపు గిన్నె, గుండ్రని బిళ్ళనుండి ఒత్తినది. బిళ్ళ రేకునుండి కోసినది. రేకు దిమ్మనుండి సాగగొట్టినది. దిమ్మ కరెంటు కొలిమిలో అల్యూమినా అను తెల్లని పొడినుండి తీసినది. ఆ పొడి బాక్సైటు అను ఎఱ్ఱరాతినుండి కాస్టిక్ సోడాతో విడదీసినది. ఒక టన్ను లోహమునకు సుమారు రెండు టన్నుల అల్యూమినా, దానికి నాలుగైదు టన్నుల బాక్సైటు, పదమూడు పదునాలుగు వేల యూనిట్ల కరెంటు కావలెను. అల్యూమినా తీయగా మిగిలిన ఎఱ్ఱబురద కర్మాగారము ప్రక్కనే చెరువులవలె నిలిచిపోవును. ఈ దేశమున బాక్సైటు అన్నిటికంటె అధికముగ నున్నది ఒడిషాలో. కాబట్టి ఆ గిన్నెలో ఏ కొంత లోహమైనను కాశీపూర్ కొండలది కావచ్చును, కాకపోవచ్చును. కొట్టువానికి తెలియదు.

కాశీపూర్ రాయగడ జిల్లాలోని బ్లాకు. రాయగడ నుండి కోరాపుట్ పోవు రైలుత్రోవలోని తికిరి స్టేషను ఇందులోనిదే. ఈ సీమ తెలుగువారికి క్రొత్త కాదు. రాయగడ పట్టణము 1936 ఏప్రిలు వరకు మద్రాసు రాజధానిలోని విశాఖపట్టణము జిల్లాలోనిది. పార్వతీపురము మీదుగ విజయనగరము పోవు రైలు నేటికిని దానిని తెలుగు సంతలతో కలుపుచున్నది. జైనులకును ఆ కొండలు క్రొత్తవి కావు. కోరాపుట్ జిల్లాలోని సుబాయి గ్రామమున ప్రాచీన జైనాలయములు, తీర్థంకరుల రాతి విగ్రహములు కలవు. విజయనగరము దాపున రామతీర్థము కొండలను చూచినవారికి ఇది ఆశ్చర్యము కాదు. అహింసాధర్మము ఒకనాడు ఆ అడవి దారులవెంట నడచినది.

కాశీపూర్ ప్రాంతమున బాఫ్లిమాలి అను కొండ కలదు. దాని నెత్తము బల్లపరుపుగా నుండును. ఆ పైపొరయే బాక్సైటు. చుట్టును ఝోడియా పరజలు, కోందులు, డోంబులు మొదలగువారి పల్లెలు. ఆ కొండ వారికి పూజ్యము. దాని ఊటలే వారి పొలములకు నీరు. 1990వ దశకపు తొలి సంవత్సరములలో ఆ బాక్సైటు త్రవ్వి, దాపుననే అల్యూమినా తీయుటకు ఉత్కళ్ అల్యూమినా అను కంపెనీ ఏర్పడెను. అందులో స్వదేశపు కంపెనీలతో పాటు నార్వే దేశపు నార్స్క్ హైడ్రోయు, కెనడా దేశపు ఆల్కాన్‌యు భాగస్వాములైరి. పల్లెవారిలో అనేకులు వద్దనిరి. సభలు, ఊరేగింపులు, అరెస్టులు ఏండ్ల తరబడి సాగినవి. 2000 డిసెంబరు 16వ తేదిన మైకంచ గ్రామమున పోలీసులు కాల్పులు జరుపగా ముగ్గురు ఆదివాసులు మరణించిరి. మరుసటి యేడు నార్స్క్ హైడ్రో తప్పుకొనెను. 2007లో ఆల్కాన్ తన వాటాను హిందాల్కోకు అమ్మి వెడలెను. 2013లో డోరగుడ వద్ద కర్మాగారము ఉత్పత్తి ప్రారంభించెను. మొదటి సామర్థ్యము ఏటికి 15 లక్షల టన్నుల అల్యూమినా. అక్కడ ఉద్యోగము దొరికి పిల్లలను చదివించుకొన్నవారును కలరు. భూమి పోయి కూలికి పోవువారును కలరు. రెండును నిజములే.

ఇపుడు ఆ సాఫ్ట్‌వేరు చేయు పని చూడుడు. గని ముఖద్వారమున తూకము వేసి సంఖ్య వ్రాసిన క్షణమున దాని దృష్టిలో సరుకు పుట్టినది. అచ్చటినుండి కర్మాగారమునకు, కర్మాగారమునుండి కొలిమికి, కొలిమినుండి రేకుల మిల్లునకు, మిల్లునుండి పాత్రల కొట్టునకు జాడ చక్కగా తీయగలదు. ఎక్కడను ఒక టన్ను తప్పిపోకుండ లెక్క చెప్పగలదు. కాని ఆ తూకమునకు పూర్వము సరుకు లేదు. కొండయున్నది, ఊటయున్నది, మైకంచ ఉన్నది. దొంగసొత్తా కాదా అను ప్రశ్న పుట్టునది ఆ తూకమునకు పూర్వము. జాడ తీయుట మొదలగునది ఆ తూకమునకు పిమ్మట. గొలుసు ఎంత పొడవైనను ఒక్క లంకె ఆలస్యముగా మొదలైనది.

జైనుల ఇండ్లలో దీనికంటె పాతదగు జాడ తీయు పద్ధతి యొకటి ప్రతిదినము జరుగుచునే యున్నది. గోచరికి వచ్చిన సాధువు గడపలో నిలిచి అడుగు ప్రశ్నలు పిల్లలకు కూడ కంఠస్థము. ఈ రొట్టె ఎవరికొరకు చేసితిరి? ఎప్పుడు చేసితిరి? ఎక్కడినుండి తెచ్చితిరి? శ్వేతాంబర సంప్రదాయమున భిక్షకు 42 దోషములు చెప్పబడినవి. అందులో 16 ఉద్గమదోషములు, అనగా పుట్టుకలోని దోషములు. వీనిలో రెండింటిని కాశీపూర్ విషయమున తలచుకొనవలసియున్నది. ఇంటివాడు తనకంటె బలహీనుడైనవాని చేతినుండి, సేవకునినుండియో పిల్లవానినుండియో, లాగుకొని సాధువునకు పెట్టిన అన్నము ఆచ్ఛేద్యము. పలువురకు ఉమ్మడియైన వస్తువును తక్కినవారి సమ్మతి లేక ఒకడు ఇచ్చినచో అది అనిసృష్టము. ఈ రెండుచోట్లను అన్నము శుద్ధమైనదే, పాత్ర శుద్ధమైనదే, పెట్టినవాడు భక్తుడే. వస్తువులో లోపమేమియు లేదు. ఇచ్చినవానికి ఇచ్చు అధికారము ఎట్లు వచ్చినదన్నచోటనే లోపము. పూర్వాచార్యులు అన్నపు ముద్దను చూచి ఆగిపోలేదు. పెట్టిన చేతిని చూచి, ఆ చేతిలోనికి అది ఎట్లు వచ్చినదో చూచిరి.

కొండ యెవరిది? సర్కారు తనదనును, పల్లె తనదనును. ఉమ్మడిదనుటకు చట్టమే సాక్ష్యమిచ్చుచున్నది. ఆంధ్రప్రదేశమునకు చెందిన సమతా సంస్థ, బొర్రా ప్రాంతపు గనులను గూర్చి వేసిన వ్యాజ్యమున సుప్రీముకోర్టు 1997లో, షెడ్యూల్డు ప్రాంతపు భూమిని సర్కారు కూడ గిరిజనేతరులైన ప్రైవేటు కంపెనీలకు గనులకై కౌలుకు ఇయ్యరాదని తీర్పు చెప్పెను. 1996 నాటి పంచాయతీల విస్తరణ చట్టము, 2006 నాటి అటవీహక్కుల చట్టము గ్రామసభకు స్థానమిచ్చినవి. రాయగడ, కలహండి జిల్లాల నడుమనున్న నియమగిరి విషయమున సుప్రీముకోర్టు 2013 ఏప్రిలు 18వ తేదిన, ఈ సంగతి గ్రామసభలే తేల్చవలెనని ఆదేశించెను. ఆ వేసవి దాటగనే 12 పల్లెలలో సభలు జరిగినవి. పన్నెండును వద్దనినవి. ఆ సభలలో జిల్లా జడ్జి పరిశీలకుడుగా కూర్చుండగా, అడవి దారిన నడచి వచ్చినవారు తమ భాషలో తమ కొండను గూర్చి చెప్పుకొనిరి. లోకములో ఏ గని సరుకునకైనను ఇంతకంటె శుద్ధమైన ఉద్గమ విచారణ జరిగియుండుట అరుదు.

అట్లని గ్రామసభ మాటను కాగితముపై పెట్టగనే దోషము తొలగునని కాదు. కాశీపూర్ బ్లాకునందే, కలహండి సరిహద్దున సిజిమాలి అను మరియొక బాక్సైటు కొండ కలదు. దాని గనికి గ్రామసభలు 2023లో సమ్మతించినట్లు కాగితములు కలవు. అట్టి సభలు జరుగలేదని, ఆ సంతకములు తమవి కావని పల్లెవారు ఆక్షేపించుచున్నారు. ఎవరిది నిజమో తేల్చుట న్యాయస్థానముల పని. కాని సాఫ్ట్‌వేరులో ఆ కాగితము ఎక్కించినచో ఏమగును? 'స్థానికుల సమ్మతి' అను గడిలో పచ్చగుర్తు పడును. కాగితము నిజమైనదైనను ఆ గుర్తే, కల్పితమైనదైనను ఆ గుర్తే. తాకట్టు పుస్తకములో వ్రేలిముద్ర ఉన్నంతమాత్రమున నగ వానిదే యగునా?

ఇక కలయికను గూర్చి. అల్యూమినియపు పరిశ్రమలోనే బాధ్యతాయుతమైన ఉత్పత్తి కొరకు ఒక అంతర్జాతీయ సంస్థ ఏర్పడి, 2017 డిసెంబరులో సర్టిఫికెట్లు ఇచ్చుట మొదలుపెట్టినది. ఆదివాసుల పూర్వసమ్మతిని గూర్చిన నియమము కూడ అందులో కలదు. అది మెచ్చుకొనవలసినదే. అయితే ఆ సంస్థ జాడ లెక్కలో ఒక ఏర్పాటు కలదు. సర్టిఫికెట్ గల సరుకును, లేని సరుకును ఒకే కొలిమిలో పోయవచ్చును. లోనికి వచ్చిన సర్టిఫికెట్ సరుకు ఎంత భాగమో అంతకు మించకుండ బయటికి పోవు సరుకులో కొంత భాగమును 'సర్టిఫికెట్ సరుకు' అని అమ్మవచ్చును. కరిగిన లోహమును విడదీయుట అసాధ్యము గనుక ఇది ఆచరణలో తప్పదని వారి వాదము. లెక్క తప్పు కాదు. కొన్నవాని సొమ్ము ఏదో ఒకచోట మంచి గనికి చేరుచున్నది. కాని గిన్నె కొన్నవాని చేతిలోని లోహము ఏ కొండదో ఈ లెక్క చెప్పదు. ఉద్గమదోషములలో పూతికర్మ అనునది దీనికి సరిగా ఎదురుదిక్కున నున్నది. సాధువు నిమిత్తమే వండిన అన్నపు మెతుకు శుద్ధాన్నములో పడినచో ఆ కుండయంతయు అగ్రాహ్యము. నూటికి ఇన్ని పాళ్ళు శుద్ధమని పంచుకొనుట అందులో లేదు. గృహస్థుడు ఆ నియమమును వర్తకమున పాటింపలేడు. పాటించినచో ఏ గిన్నెయు అమ్మలేడు. కాని 'సర్టిఫికెట్ సరుకు' అని బోర్డు వ్రాయునపుడు ఆ మాటకు అర్థమేమో గిరాకీకి చెప్పకుండుట ప్రతిరూపకవ్యవహారమునకు ఎంత దూరమున నున్నదో ఆలోచింపదగును.

సర్టిఫికెట్టునకు, సత్యమునకు మధ్య ఎంత దూరమో లోకము 2012లో కరాచీ నగరమున చూచినది. అలీ ఎంటర్‌ప్రైజెస్ అను దుస్తుల కర్మాగారమునకు ఆ యేడు ఆగస్టులో కార్మికక్షేమమును గూర్చిన అంతర్జాతీయ సర్టిఫికెట్ లభించెను. సెప్టెంబరు 11వ తేదిన అచ్చట అగ్నిప్రమాదము జరిగి 250 మందికి పైగా మరణించిరి. తలుపులు మూసియున్నవి, కిటికీలకు ఊచలున్నవి. కాగితములో అన్నియు తెరచియే యున్నవి. ఆ దుస్తులు కొను జర్మనీ కంపెనీ అడుగలేదా? అడిగినది. సమాధానము వచ్చినది. ఫైలులో ఉన్నది.

జైనదర్శనము హింసను నిర్వచించునపుడు ప్రాణము పోవుటను ఒక్కదానినే చెప్పక, ప్రమాదమును, అనగా ఏమరుపాటును, దానికి ముందుంచినది. ఈర్యాసమితి పాటించుచు నేలను చూచి నడచు సాధువు పాదము క్రింద తెలియక ఒక జీవి నలిగినను బంధము వేరు. చూడక నడచినవానికి జీవి నలుగకపోయినను బంధము తప్పదు. ఈ సూక్ష్మము సాఫ్ట్‌వేరు కాలమున ఎంతయో ఉపయోగపడును. చూచితినని వ్రాసికొనుట చూపు కాదు. పైగా అది చూపును ఆపును. పత్రము నింపినవాడు తన బాధ్యత తీరినదని నమ్మి అటుపై చూడడు. ఎరుగనివానికంటె ఎరుగుదునని కాగితము తెచ్చుకొన్నవాడే అధిక ప్రమత్తుడగు సందర్భము కలదు.

వర్తకుల నుండి వచ్చు సమాధానములు తెలిసినవే. "ఈ ప్రశ్నలు అడుగు దేశములు రెండువందల యేండ్లు ఇచ్చటి కొండలను, అడవులను అడుగకయే కొల్లగొట్టినవి. వారికి ఇపుడీ ధర్మచింత ఎక్కడినుండి వచ్చినది?" నిజమే. కాని అడిగినవాడు పాపియైనంతమాత్రమున ప్రశ్న చెడిపోదు. ఈ ప్రశ్న ఐరోపాది కాదు కూడ. ఉమాస్వాతి కాలమునాటికే పాతది. "ఒకడు కొననిచో మరియొకడు కొనును, నార్వేవారు వెడలినంతనే కొండ నిలిచినదా?" అను మాటకు బలమెక్కువ. కొండ నిలువలేదు. కొండను నిలుపుట కొరకే వ్రతమైనచో వ్రతము ఓడినట్లే. అయితే జైనుడు రాత్రిభోజనము మానుట వలన లోకములో పురుగులు చచ్చుట ఆగునని ఎవరును చెప్పలేదు. ఆస్రవము ఎవరికి వారిది. "కంపెనీ మాట ఒకటి, పల్లె మాట ఒకటి, అనేకాంతమును బట్టి రెండును సత్యములే" అను వారును కలరు. అనేకాంతము అన్ని ప్రక్కలనుండి చూడుమని చెప్పును. ఏ ప్రక్కకును పోకుండ కొట్టులోనే కూర్చుండుమని చెప్పదు.

వీటికంటె గట్టిగా విచారింపవలసినది సమాజమునకున్న ఒక గర్వము. శ్రావకునకు నిషిద్ధములైన 15 కర్మాదానములలో స్ఫోటకర్మ యొకటి. భూమిని పగులగొట్టి, త్రవ్వి జీవించుట అది. అంగారకర్మ, వనకర్మ, విషవాణిజ్యము మొదలగువానితో పాటు దీనిని విడిచి, తమ పూర్వులు బట్టలు, పాత్రలు, నగలు, వడ్డీ అను శుద్ధమైన వ్యాపారములనే పట్టిరని జైన కుటుంబములు చెప్పుకొనుచుండును. అది చాలవరకు నిజము. చేయి గునపము పట్టలేదు. కాని పాపము కృతము, కారితము, అనుమతము అని మూడు విధములని చెప్పినవారును ఆ ఆచార్యులే. గునపము వేరొకనిచేత పట్టించి, దానిపై వచ్చిన లోహమును మెరుగుపెట్టి అమ్ముట ఈ మూటిలో దేనిలోనిది? ప్రాచీనకాలమున కంచరి ఇంటికిని గనికిని నడుమ రెండు చేతులుండెను. అతనికి గని యెక్కడనో తెలియును. నేడు పది చేతులైనవి. చేతులు పెరిగినకొలది పాపము పలుచబడునని ఏ శాస్త్రమును చెప్పలేదు. కాని మనస్సు అట్లే అనుకొనును.

గృహస్థునకు మహావ్రతము లేదు, అణువ్రతమే. కొట్టు మూసికొనుమని ఎవరును అనరు. పాత్రల వర్తకుడు చేయగలిగినది కొంచెమే, కాని ఉన్నది. ఆ ప్రశ్నాపత్రములో ఏ గని సరుకు అని అడిగినచోట తనకు తెలియనిచో 'తెలియదు' అని వ్రాయవలెను. అవును, కాదు అను రెండు గడులే యుండి 'తెలియదు' అనుటకు గడి లేకున్న, వివరణ వ్రాయు స్థలమున వ్రాయవలెను. దానివలన మార్కులు తగ్గును. పతకము పోవచ్చును. తగ్గిన మార్కులే అతని సత్యవ్రతమునకు ఆ యేటి ఖర్చు. పిదప, తనకు రేకు అమ్ము స్టాకిస్టును నిజముగా అడుగవలెను. కాగితము కొరకు కాదు, తెలిసికొనుటకు. పాత లోహమును కరగించి చేసిన రేకు దొరకునేమో అడుగవలెను. కొత్త లోహమునకు పట్టు కరెంటులో నూటికి ఐదు పాళ్ళతోనే పాతది తిరిగి కరగును, దానికొరకు ఏ కొండను త్రవ్వ నక్కరలేదు. పాతసామాను కొనువాడు వీధిలోనికి రోజును వచ్చుచునే యున్నాడు. కాని కలయిక తెలియని తుక్కుతో వంటపాత్ర చేసినచో సీసము చేరు ప్రమాదము కలదు గనుక అక్కడను పుట్టుక అడుగవలసినదే.

ఒక్క కొట్టువాడు అడిగినచో స్టాకిస్టు నవ్వును. "సేఠ్‌జీ, మీకెందుకు, రేకు మందము చూచుకొనుడు" అనును. ఊరి పాత్రల వర్తకుల సంఘము అడిగినచో నవ్వడు. ధరలను గూర్చి, పన్నులను గూర్చి, సెలవుదినములను గూర్చి ఆ సంఘములు తీర్మానములు చేయుచునే యున్నవి. ఈ రేకు ఏ కొలిమిది, ఆ కొలిమికి అల్యూమినా ఎచ్చటిది, ఆ కొండ పల్లెవారు ఏమన్నారు అని మూడు ప్రశ్నలతో ఒక ఉత్తరము వ్రాయుటకు తీర్మానము చేయుట అసాధ్యము కాదు. మొదటి ఉత్తరమునకు రంగుల పుస్తకమొకటి జవాబుగా వచ్చును. అందులో చెట్లు, బడిపిల్లలు, నీటిపంపులు ఉండును. రెండవ ఉత్తరములో మూడవ ప్రశ్నను మరల వ్రాయవలెను.